మండని మందు

మొదటి రాయి కాటా గది అద్దానికి తగిలింది. రెండోది మా సూది పిన్ని భుజానికి తగిలింది.

"మమ్మల్ని కాదురా, లోపల ఏసీలో కూర్చున్నవాణ్ణి కొట్టండి! గురి కూడా చేతకాదా మీకు?" అని పిన్ని భుజం పట్టుకుని అరిచింది. ఆమె నోటి పదునుకే ఆ పేరు వచ్చింది. కానీ ఆ రోజు ఆ నోరు కూడా గేటు దాటలేదు.

గేటు అవతల ట్రాక్టర్లు అడ్డంగా నిలబడి ఉన్నాయి. వాటి మీదా, వాటి మధ్యా రైతులు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కట్ట. చచ్చిపోయిన చిక్కుడు మొలకలు. వేళ్ళు నల్లబడి, కాడ మెత్తబడి, ఆకుల మీద నూనె చుక్కలు పడ్డట్టు మచ్చలు. ఆ కట్టలు గేటు మీదుగా వచ్చి మా నెత్తిన పడుతున్నాయి. కుళ్ళు వాసనకు మాలో ఒకామె అక్కడే వాంతి చేసుకుంది.

లోపల ఉన్నది మేము. విత్తనాల గోదాములో కూలి చేసే ఆడవాళ్ళం. నేను గింజలు ఏరే బల్ల దగ్గర పనిచేస్తాను. మా అక్క విత్తనశుద్ధి డ్రమ్ము దగ్గర. గింజల మీద మందు పొడి చల్లి, పిడి పట్టుకుని డ్రమ్ము తిప్పితే ప్రతి గింజకూ గులాబీ రంగు పూత పడుతుంది. ఆ పూత ఉన్న గింజను గోదాములో బూజు తినదు. నేలలో పడ్డాక కుళ్ళు పట్టదు. రైతు ఆ గులాబీ రంగును చూసే సంచి కొంటాడు.

ఈసారి నాటిన గింజల్లో సగానికి సగం నేలలోనే మగ్గిపోయాయి. తలెత్తినవి ఎత్తినట్టే ఒరిగిపోయాయి.

"మందు దొంగల్లారా!" ట్రాక్టరు మీంచి ఒక గొంతు లేచింది. ఆయన కౌలు రైతు. అందరూ గొంతు తాత అంటారు. మైకు అక్కర్లేని మనిషి. "కౌలు భూమిలో నా కొంప ముంచారు కదే! మా మందు ఎవడికి అమ్ముకున్నారే?"

అప్పుడు మేనేజరు కాటా గది మెట్ల మీదికి వచ్చాడు. చేతిలో మైకు. కంగారు లేదు, చెమట లేదు.

"రైతు సోదరులారా! మీ కోపంలో న్యాయం ఉంది. కానీ ఒక్కటి ఆలోచించండి. కంపెనీ మందు ఇచ్చింది. కొరత లేకుండా ఇచ్చింది. కలపాల్సింది కూలీలు. ఆ మందు గింజకు ఎక్కలేదంటే ఎటు పోయింది? నన్ను అడగొద్దు. డ్రమ్ము దగ్గర ఎవరున్నారో వాళ్ళను అడగండి."

వేలు చూపించాడు. ఆ వేలు ఎదురుగా మా అక్క ఉంది.

పోలీసులు వెనక గేటు నుంచి వచ్చారు. అంటే గొడవ మొదలవక ముందే వచ్చి కూర్చున్నారన్నమాట. ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు అక్క రెండు రెక్కలూ పట్టుకున్నారు. అక్కకు అరవడం కూడా తోచలేదు. "డ్రమ్ములో గింజలున్నాయి, మూత వెయ్యలేదు," అంటోంది. పిన్ని పరుగెత్తి జీపు ముందు పడుకుంది. ఆమె వెనకే ఇంకో నలుగురు.

"లేవండి! ఎవరూ అడ్డుపడొద్దు!"

ఆ గొంతు మా బావది. అక్క భర్త. మా యూనియన్ సెక్రటరీ. గోదామంతా ఆయన్ని లీడరూ అని పిలుస్తుంది.

"కామ్రేడ్స్, వాళ్ళకు కావలసింది మనం రెచ్చిపోవడమే. చట్టప్రకారం పోదాం. నా భార్యను ఎలా తెచ్చుకోవాలో నాకు తెలుసు. లేవండి."

పిన్ని లేచింది. మేమంతా పక్కకు జరిగాం. జీపు మా మధ్యలోంచే వెళ్ళిపోయింది. బావ చెప్తే మేము ఎప్పుడూ వినేవాళ్ళం.

* * *

యూనియన్ గది ఒక సైకిల్ రిపేరు షాపు పైన ఉంటుంది. కింద సుత్తి దెబ్బలు పడుతుంటే పైన మన మాటలు ఆపుకోవాలి. ఆ సాయంత్రం గదిలో కాలు పెట్టే చోటు లేదు. మెట్ల మీద కూడా మనుషులే.

"గోదాముకి తాళం వేస్తామంటున్నారు," అన్నాడు బావ. "తాళం పడితే మనందరం రోడ్డు మీద. రైతులు మన కోసం వస్తారనుకుంటున్నారా? రాళ్ళు ఎవరి మీద పడ్డాయో చూశారుగా?"

"నా భుజం చూసింది," అంది పిన్ని.

నలుగురు నవ్వారు. బావ నవ్వలేదు.

"మేనేజరుతో గట్టిగా మాట్లాడాను. ఒక దారి ఉంది. డ్రమ్ము దగ్గర పొరపాటు జరిగిందని ఒక్క మనిషి ఒప్పుకుంటే చాలు. కేసు చిన్నది చేస్తారు. మిగతావాళ్ళ జోలికి రారు. గోదాము మూసెయ్యరు. కొత్త గోదాము కడుతున్నారు కదా, అందులో పనులూ మనకే ఇస్తారు."

"ఒక్క మనిషంటే ఎవరు?" మెట్ల మీంచి ఎవరో అడిగారు.

"నా భార్య."

కింద సుత్తి ఆగింది. అది కూడా విన్నదా అన్నట్టు.

"మీ ఇంటి మనిషిని నేను అడగట్లేదు," అన్నాడు బావ. గొంతు జీరబోయింది. "నా ఇంటి మనిషినే ఇస్తున్నాను. యూనియన్ బతకాలి. మన పిల్లలు తినాలి. నాకు ఇంతకన్నా ఏం చెయ్యాలో తెలియట్లేదు."

గోడకు ఆనుకున్న ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒక ముసలామె లేచి వచ్చి బావ తల నిమిరింది. "ఎంత మనసు నాయనా నీది," అంది. నాకూ ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా చెప్తున్నాను, ఆ నిమిషంలో ఆయన నాకు దేవుడిలా కనిపించాడు.

పిన్ని ఒక్కతే లేచి నిలబడింది.

"ఇవ్వడానికి అదేమన్నా నీ ఇంట్లో కుర్చీనా? దాన్ని అడిగావా?"

"పిన్నీ, కూర్చో."

"కూర్చుంటే నన్ను కూడా ఎవరికో ఇచ్చేస్తావేమో. నిలబడే ఉంటాను."

"నోటికొచ్చినట్టు మాట్లాడకు! ఇల్లు కూలిపోయిన మనిషి మీదనా నీ జోకులు?" అని పక్కనున్నవాళ్ళే ఆమెను కసిరారు. పిన్నిని చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

చేతులెత్తమన్నారు. ఎత్తాం.

* * *

మర్నాడు క్యారేజీ పట్టుకుని స్టేషనుకి వెళ్ళాను. అక్కను వెనక వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. ముఖం పీక్కుపోయింది.

"పిల్లలు తిన్నారా?"

"తిన్నారు. నువ్వు ముందు చేతులు కడుక్కో."

చెంబుతో నీళ్ళు పోశాను. అక్క రెండు అరచేతులూ చాపింది. నీళ్ళు పోస్తూ పోస్తూ నా చెయ్యి ఆగిపోయింది.

ఆ చేతులు నునుపుగా ఉన్నాయి.

మీలో మందు డ్రమ్ము తిప్పినవాళ్ళెవరైనా ఉంటే ఈ మాట ఎందుకు చెప్తున్నానో వాళ్ళకు తెలుసు. ఆ పొడి చేతుల్ని బతకనివ్వదు. వేళ్ళ సందుల్లో తోలు ఊడుతుంది. కళ్ళు ఎర్రగా ఉబ్బుతాయి. ఉప్పు ముట్టుకుంటే ప్రాణం పోతుంది. అక్క చంటిదాన్ని ఎత్తుకోలేక మోచేతులతో ఒడిసిపట్టుకునేది. అందుకే పోయిన పంట ముగిశాక మేము డ్రమ్ములు ఆపేశాం. గ్లౌజులు కావాలి, ముక్కుకు మాస్కులు కావాలి అన్నాం. కంపెనీ కుదరదంది. మేము గోదాము గుమ్మంలో కూర్చున్నాం. చివరికి బావను ఒక్కణ్ణే చర్చలకు పిలిచారు. ఆయన బయటికి వచ్చి, కాటా మీదికి ఎక్కి రెండు చేతులూ పైకెత్తాడు.

"గెలిచాం! గ్లౌజులు ఏపాటి? ఏకంగా మందునే మార్పించాను! కొత్త మందు వస్తోంది. ఇక మన చేతులు మండవు!"

ఆయన్ని భుజాల మీద మోశాం. మా బతుకులో మేము గెలిచిన సమ్మె అదొక్కటే. కొత్త డబ్బాలు వచ్చాయి. అదే గులాబీ రంగు. నిజంగానే చేతులు మండలేదు. ఏరే బల్ల దగ్గర మాకు కూడా కొత్త మాట చెప్పారు. "మచ్చ గింజల్ని పారెయ్యకండి, కొత్త మందు బలమైనది, అన్నిటినీ చూసుకుంటుంది," అన్నారు. మచ్చ గింజల్నీ, ముడతలు పడ్డవాటినీ మంచివాటితో కలిపి పోనిచ్చాం.

"అక్కా," అన్నాను, "చేతులే మండని మందు, బూజును ఎట్లా చంపుతుంది?"

అక్క చేతులు చటుక్కున వెనక్కి తీసుకుంది.

"నాకూ తోచింది. ఇక్కడ కూర్చుని ఆలోచించడం తప్ప చేసేదేముంది?"

"మరి చెప్పు! ఇన్‌స్పెక్టరుకి చెప్పు!"

"ఏమని? మీ బావ తెచ్చిన మందని చెప్పనా? ఆయన్నీ మోసం చేసుంటారే. మేనేజరు కొత్త మందన్నాడు, ఈయన నమ్మాడు. అంతే అయ్యుంటుంది." తనకు తానే చెప్పుకుంటున్నట్టు అంది. "నేను పొరపాటని ఒప్పుకుంటే చిన్న కేసుతో పోతుందట. ఆయన తెస్తానన్నాడు."

"తేకపోతే?"

"తెస్తాడు. నువ్వు మాత్రం ఆయన పేరు ఎక్కడా ఎత్తకు. యూనియన్ ముక్కలైపోతుంది. ఎత్తావంటే నా మీద ఒట్టు."

అన్నం కలుపుకుంది గానీ ఒక్క ముద్ద కూడా దిగలేదు.

* * *

కంపెనీలో గింజలు పరీక్ష చేసే గది ఒకటి ఉండేది. అందులో పనిచేసే ఆవిణ్ణి ల్యాబు మేడం అనేవాళ్ళం. ఈ పంట గింజలు గోదాముకి రాకముందే ఆవిణ్ణి పనిలోంచి తీసేశారు. ఆ గదికి తాళం పడింది. ఆవిడ అద్దెకుండే ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. తలుపు సగమే తీసింది.

"మీ బావ పంపాడా?"

"లేదు మేడం. మా అక్క జైలుకి పోతోంది. అందుకొచ్చాను."

తలుపు మిగతా సగం తీసింది.

"ఈసారి తీసుకున్న గింజలే రోగం గింజలు," అంది. "తెగులు పట్టిన చేలవని నేను వద్దన్నాను. చౌకగా వస్తున్నాయని తీసుకున్నారు. సరిగా ఎండబెట్టకుండానే గోదాములో పేర్చారట. బూజు గింజ లోపలే నిద్రపోతూ ఉంటుంది. చెమ్మ తగిలిందా, లేస్తుంది. దాన్ని పడుకోబెట్టేది మందు పూత."

"ఆకు మీద నూనె మచ్చలూ బూజేనా?"

"అది బాక్టీరియా. దానికి ఈ మందు కూడా చాలదు. శుభ్రమైన చేను గింజ తెచ్చుకోవాలి, పొడిగా దాచుకోవాలి, మచ్చ ఉన్నదాన్ని ఏరి పారెయ్యాలి. మీ చేత ఏరించడం కూడా మాన్పించారటగా?"

తల ఊపాను.

"పూతలో మందు ఉందో, ఉత్త రంగే ఉందో తెలియాలంటే పెద్ద యంత్రాలు అక్కర్లేదు. తడి గుడ్డ చాలు. మందు పూసిన గింజ తడి గుడ్డలో శుభ్రంగా మొలుస్తుంది. ఉత్త రంగు పూసినదానికి బొచ్చు లేస్తుంది."

"మీరొచ్చి చేస్తారా? అందరి ముందూ?"

"నేను నోరు విప్పితే ఈ వృత్తిలో నాకింకెవరూ పనివ్వరు. నీకింకోటి కూడా చెప్పాలి. కొత్త గోదాముకి కూలీల కాంట్రాక్టు ఎవరిదో తెలుసా? నేను పనిలో ఉన్నప్పుడు మేనేజరు గదిలో మాట్లాడుకుంటుంటే నా చెవిన పడింది."

నాకు వినాలని లేదు. అయినా విన్నాను.

"మీ బావది."

అంటే ఇక ఆయన మాలో ఒకడు కాదు. మా నెత్తిన ఒకడు. మమ్మల్ని తోలి కమిషను తినే మనిషి. అక్కడే గడప మీద కూర్చుండిపోయాను. యూనియన్ గదిలో ఆయన గొంతు జీరబోతే కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను నేను. నా పిల్లలకు బూట్ల లేసులు కట్టడం నేర్పింది ఆయనే.

ల్యాబు మేడం లోపలికి వెళ్ళి చెప్పులు వేసుకుని వచ్చింది. "పద," అంది.

* * *

రైతులు గేటు ముందే ఉన్నారు. ట్రాక్టరు ట్రాలీల్లో వండుకుంటున్నారు.

"దొంగ చెల్లెలు వస్తోందిరోయ్!" అన్నాడొకడు. "ఇంకేం మిగిలాయమ్మా ఎత్తుకుపోవడానికి? ట్రాక్టరు చక్రాలు విప్పిమ్మంటావా?"

"విప్పివ్వు, నెత్తిన పెట్టుకుపోతాను," అన్నాను. "ముందు తాతతో మాట్లాడనివ్వు."

గొంతు తాత నన్ను ఎగాదిగా చూశాడు. నేను చెప్పింది చెప్పినట్టు విన్నాడు. విన్నాక ఒక్కటే అడిగాడు.

"మీ చేతులు మండకపోతే మీకు అనుమానం రాలేదా?"

"లేదు తాతా. సంతోషం వచ్చింది."

ఆయన తిట్టడానికే నోరు తెరిచాడు. తన అరచేతులు చూసుకుని మూసేశాడు. మందు కొట్టి కొట్టి కాలిపోయిన అరచేతులు అవి కూడా.

"నా కొట్టంలో పోయినేడు మిగిలిన సంచి ఒకటుంది," అన్నాడు. "అది పాత మందు గింజే కదా?"

"పాత మందే."

"తెస్తాను."

ట్రాలీ మీద మూడు పళ్ళాలు పెట్టాం. ఒకదాంట్లో పోయినేటి గింజలు, ఒకదాంట్లో ఈసారి గింజలు, మూడోదాంట్లో ఏ పూతా పడని ఈసారివి. మూడింటి మీదా ఉడికించిన గుడ్డలు తడిపి కప్పింది ల్యాబు మేడం. ఎవరూ తాకకుండా వంతులు వేసుకుని కాపలా కూర్చున్నాం. మొదట రైతులు ఒక పక్క, నేను ఒక పక్క. తర్వాత సూది పిన్ని నీళ్ళ బిందెతో వచ్చింది. "ఊరికే చూసిపోదామని," అంది, కూర్చుంది, పోలేదు. ఆమె వెనక ఏరే బల్ల వాళ్ళు వచ్చారు. ఆ వెనక హమాలీలు. రాళ్ళు వేసినవాళ్ళూ, రాళ్ళు తిన్నవాళ్ళూ ఒకే టార్పాలిన్ కింద కూర్చుని బీడీలు పంచుకున్నారు.

"నా భుజం మీద వేసింది నువ్వేనా?" అని పిన్ని ఒక కుర్ర రైతును నిలదీసింది.

"గుర్తులేదక్కా."

"నాకు గుర్తుందిలే. గుడ్డలు ఆరిపోతున్నాయి, పోయి నీళ్ళు పట్రా."

బావ కూడా వచ్చాడు. దూరంగానే నిలబడ్డాడు. నన్ను చూడలేదు, పళ్ళాల్ని చూశాడు.

"చేతులెత్తి తీర్మానం చేశాం. దాన్ని కాదని ఇక్కడ కూర్చోవడం యూనియన్ క్రమశిక్షణ తప్పడమే. అందరూ లేవండి."

"ఆ క్రమశిక్షణేదో గింజలకు చెప్పు లీడరూ," అంది పిన్ని. "మొలకెత్తొద్దని."

మొదటిసారి ఎవరూ లేవలేదు.

* * *

గుడ్డలు విప్పిన ఉదయం గేటు ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. కాలేజీ విద్యార్థులు గోడలెక్కి కూర్చున్నారు. మేనేజరు మెట్ల మీదికి వచ్చాడు.

మేడం మొదటి గుడ్డ ఎత్తింది. పోయినేటి గింజలు తెల్లటి మొలకలతో శుభ్రంగా ఉన్నాయి. మూడో గుడ్డ ఎత్తింది. పూత లేని గింజలు బూడిదరంగు బొచ్చులో కూరుకుపోయాయి. తర్వాత మధ్య గుడ్డ. గులాబీ రంగు గుడ్డకు అంటుకుపోయింది. దాని కింద అదే బూడిదరంగు బొచ్చు, అదే జిగట, అదే కుళ్ళు వాసన.

"మందు లేదు!" అన్నాడు గొంతు తాత. ఆ మాట వెనక గోడ దాకా వెళ్ళి తిరిగొచ్చింది. "ఉత్త రంగు! రంగు అమ్మారు మాకు!"

జనం గేటు మీదికి ఉరికారు. మేనేజరు చెయ్యెత్తాడు. అతని మొహంలో భయం కోసం వెతికాను. లేదు.

"నేను మొదటి రోజు నుంచీ చెప్తున్నది అదే కదా!" అన్నాడు మైకులో. "మందు దొంగిలించి, దాని బదులు రంగు కలిపారని! ఈ పరీక్ష ఎవరు చేశారు? ఆ దొంగ సొంత చెల్లెలు! ఇంతకన్నా రుజువేం కావాలి?"

ఉరికిన జనం ఆగింది. కళ్ళు మేనేజరు మీంచి మళ్ళి మా మీదికి వచ్చాయి. అక్కను విడిపించాలని తెచ్చిన పళ్ళాలు అవి. అక్క మెడకే చుట్టుకున్నాయి.

సరిగ్గా అప్పుడే జీపు వచ్చింది. ముందు ఇన్‌స్పెక్టరు, వెనక అక్క, అక్క పక్కన బావ. అంతా ముందే కుదుర్చుకున్న తంతు. జనం ముందు ఒప్పుకుంటుంది, రైతులు శాంతిస్తారు, గేటు తెరుచుకుంటుంది. బావ అక్కను చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. మేనేజరు తన మైకు తానే అందించాడు.

"రెండు ముక్కలు చెప్పెయ్," అన్నాడు బావ మెల్లగా. మైకు దగ్గరగా ఉంది, అందరికీ వినపడింది. "పొరపాటు నాదేనని చెప్పు. ఇంటికి పోదాం."

అక్క మైకు పట్టుకుంది. కింద ట్రాలీ మీద తెరిచిన పళ్ళాల వంక చూసింది.

"ఆగవే!" అంది పిన్ని. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి రెండు చేతులూ పైకెత్తింది. "ఇన్‌స్పెక్టరు గారూ, పోయినేడు నేనూ ఆ డ్రమ్ము తిప్పాను. తోలు ఊడింది. ఈ ఏడూ తిప్పాను. ఇవిగో, చూడండి. మెత్తగా పెళ్ళికూతురి చేతుల్లా ఉన్నాయి. మందు దొంగిలించింది అదైతే నేనూ దొంగనే. నన్నూ ఎక్కించండి."

ఇంకొకామె చేతులెత్తింది. ఇంకొకామె. డ్రమ్ముల దగ్గర పనిచేసిన ప్రతి ఆడదీ. మూటలు మోసిన హమాలీలు. ఏరే బల్ల నుంచి మేమూ. "మా చేతులూ మండలేదు! డబ్బాలు సీళ్ళతో వచ్చాయి! సీళ్ళు మేమే విప్పాం! మమ్మల్నీ పట్టుకెళ్ళండి!" గొంతు తాత కాలిన తన అరచేతులు కూడా పైకెత్తాడు. "డబ్బా సీలు ఉండగా లోపలి మందును వీళ్ళెట్లా తీస్తారయ్యా, మంత్రం వేసా?"

ఇన్‌స్పెక్టరు టోపీ సర్దుకున్నాడు. "సీళ్ళతో వచ్చాయా? మరి అది వేరే మందని మీకెవరూ చెప్పలేదా?"

"కొత్త మందన్నారు."

"ఎవరన్నారు?"

ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. నోళ్ళు మాత్రం మూతపడ్డాయి. భుజాల మీద మోసిన మనిషి ఆయన. తల నిమిరిన ముసలామె కళ్ళు దించుకుంది. నేను నోరు తెరిచాను. మెట్ల మీంచి అక్క కళ్ళు నన్ను పట్టుకున్నాయి. ఒట్టు. నోరు మూసుకున్నాను.

ఆ నిశ్శబ్దంలో బావ మాట్లాడాడు. ఊరుకుని ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆయనకు భయం వేసింది, అందుకే మాట్లాడాడు.

"వీళ్ళంతా ఒక ముఠా ఇన్‌స్పెక్టరు గారూ," అన్నాడు. "ఆ చేతులెత్తిన వాళ్ళందర్నీ ఎక్కించండి. యూనియన్‌కూ వీళ్ళకూ సంబంధం లేదు."

మేనేజరు తల ఊపాడు. కానిస్టేబుళ్ళు ముందుకు కదిలారు. పిన్ని రెక్క పట్టుకున్నారు.

అక్క బావ మొహంలోకి చూసింది. కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది.

"వాళ్ళను వదలండి," అంది. మైకులో ఆ గొంతు గోదాము రేకుల మీద మోగింది. "మందు మానేసింది కంపెనీ. అది నేను చెప్పక్కర్లేదు, ఆ పళ్ళాలు చెప్పాయి. మచ్చ గింజలు కలిపించింది కంపెనీ, రంగు పూయించింది కంపెనీ. ఆ రంగు అంటుకున్న సంచి మా ఇంటికొచ్చింది ఒక రోజు. మా చంటిది అందులో చెయ్యి పెట్టి మొహమంతా పూసుకుంది. అది విషమని నేను గుండెలు బాదుకుంటూ నీళ్ళ కోసం పరుగెత్తాను. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడు. కుర్చీలోంచి లేవలేదు. నవ్వాడు. 'ఏం కాదులే, రంగేగా' అన్నాడు."

"మైకు ఇటివ్వు," అని బావ చెయ్యి చాపాడు. "దానికి మతి చెడింది. మైకు ఇవ్వమంటుంటే!"

అక్క ఒక మెట్టు కిందికి, మా వైపుకి దిగింది.

"నేను ఆ మాట మింగేశాను. వినలేదనుకున్నాను. నోటితో అంటే నిజమైపోతుందని భయపడ్డాను. అప్పటికింకా విత్తనాలు రైతుల చేలల్లో పడలేదు. ఆ మాట అన్న మనిషికి అంతా తెలుసు. తెలిసే మన చేత గెలిచామనిపించాడు. తెలిసే మన భుజాలెక్కాడు. తెలిసే నన్ను జైలుకి పొమ్మన్నాడు."

"ఎవరమ్మా?" ఇన్‌స్పెక్టరు అడిగాడు. ఈసారి ఆయన కూడా మెట్ల వైపే చూస్తున్నాడు. "పేరు చెప్పాలి. ఎవరు?"

అక్క చెయ్యి చాపి చూపించింది.

"మా యూనియన్ సెక్రటరీ," అంది అక్క. "నా మొగుడు."